ఓజెలాదె వారి ఆడపిల్ల గొంతు

ఇబాదాన్ ఊళ్ళో అవేరో పాటను మెచ్చుకునేవాళ్ళ కంటే తిట్టేవాళ్ళే ముందు తయారయ్యారు. పాట బయటికొచ్చిన వారం తిరక్కుండానే, వినని వాళ్ళు కూడా దాన్ని ఎలా తిట్టాలో నేర్చేసుకున్నారు. మా ఊరివాళ్ళకు ఆ విద్య పుట్టుకతో వస్తుంది.

తిట్టడానికి గొంతే చాలు. అది ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు. ఎండిన కొబ్బరి చిప్పను బండకేసి రుద్దినట్టు ఉంటుంది. చర్చిలో పాడే పిల్లల వరసలోంచి ఆమెను పద్నాలుగో ఏట లేపి వెనక బెంచీలో కూర్చోబెట్టారు, దేవుడికి చెవులు నొప్పి పెడతాయని కాబోలు. బళ్ళో పద్యం చెప్పే రోజున పంతులమ్మ ఆమె వంతు వచ్చేసరికి గంట కొట్టించేది. పెద్దయ్యాక ఫోన్లో ‘ఎవరండీ’ అంటే అవతలివాళ్ళు ‘అన్నా’ అనేవారు. అలాంటి పిల్ల పాటలోకి దిగడమేమిటని అడిగితే, సమాధానం తేలిక. కోపంతో దిగింది. పాడనివ్వకపోతే మాట్లాడతానంది, లయకు కట్టుబడి, ఊపిరాడకుండా, ఎవరినీ వదలకుండా మాట్లాడింది. దాన్ని ర్యాప్ అంటారని ఆమెకు తర్వాత ఎవరో చెప్పారు.

చెప్పింది బోలాహాన్. మొకోలాలో ఒక దర్జీ కొట్టు వెనకగదిలో అతని స్టూడియో. గోడలకు పాత పరుపులు, కిటికీ బయట జనరేటరు, దాని మోతకు భయపడి ఎప్పుడూ మూసి ఉండే కిటికీ. కరెంటు ఉన్నంతసేపే కవిత్వం. అవేరో తండ్రి ఓజెదోకున్ నేతగాడు కనుక, అతని మగ్గం చప్పుడునే బోలాహాన్ ఫోన్లో ఎక్కించుకుని తాళంగా చేశాడు. దాని మీద ఆమె మాటలు:

నా గొంతు గరుకు, నీ చెవి మెత్తన,
తప్పెవరిదో తేల్చుకుందాం, రా ఎదుటన.
చిలక పలుకులే కావాలంటే చిలకనే పెంచుకో,
నా వాకిట్లోకి వస్తే మాత్రం నోరు కట్టుకో.

దాన్ని పట్టుకుని ఇద్దరూ లేగోస్ వెళ్ళారు. చల్లటి గదిలో చల్లటి మనిషి ఒకడు సగం పాట విని, హెడ్‌ఫోన్లు చెవుల మీంచి తీసేశాడు.

“అమ్మాయ్, క్లబ్బులో ఇది పెడితే జనం డాన్సు ఆపేసి, పోలీసులొచ్చారేమోనని గుమ్మం వైపు చూస్తారు” అన్నాడు. “గొంతు తియ్యగా చేసే మెషీన్ ఉంది మా దగ్గర. ఒక పూట పని.”

“తీపి తినాలనుంటే చక్కెర కొనుక్కోండి. దానికి నేనెందుకు?” అంది అవేరో.

బస్సులో తిరిగొస్తూ బోలాహాన్ రానూపోనూ టిక్కెట్ల డబ్బు దారి పొడుగునా లెక్కేస్తూ కూర్చున్నాడు. అతని కడుపు మంట అతనిది.

అయినా ఆ పాట బతికింది. బతికించింది మా మైక్రా టాక్సీ డ్రైవర్లు. పొద్దస్తమానం ట్రాఫిక్కులో ఒకరినొకరు తిట్టుకునే ఆ జనానికి తమ మనసులో మాట ఎవరో తాళం తప్పకుండా అంటున్నట్టు తోచింది. తర్వాత కాలేజీ పిల్లలు అందుకున్నారు. ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి, ఎగుంగున్ పండగ వారంలో, శనివారం నాడు టౌన్‌హాల్లో పాడమని ఆమెకు పిలుపొచ్చింది. గోడల మీద పోస్టర్లు పడ్డాయి. సొంత ఊళ్ళో, సొంత పేరుతో, మొదటిసారి. ఆ పోస్టరు ముందు నిలబడి ఆమె తన పేరును మూడుసార్లు చదువుకుంది. ఆ శనివారం కోసం ఆమె తొమ్మిదేళ్ళు ఎదురుచూసింది.

అక్కడే వచ్చింది చిక్కు.

ఎగుంగున్ అంటే పైలోకం నుంచి ఏడాదికోసారి దిగివచ్చే పితరులు. నడినెత్తి నుంచి అరికాలి దాకా గుడ్డలు, వేలి కొస కూడా కనిపించదు. వంశానికో వేషం, అవేరో వాళ్ళ ఓజెలాదె వంశానికీ ఒకటుంది. మనిషి గొంతుతో మాట్లాడరు. ఆ గుడ్డల్లో ఎవరున్నారో ఆడవాళ్ళకు తెలియదు. అంటే, తెలుసు. మొగుడి నడక తెలియని పెళ్ళాం ఏ ఊళ్ళోనైనా ఉంటుందా? కానీ అనకూడదు. తెలియడం తప్పు కాదు, అనడం తప్పు. తాతల నాటి నుంచీ మా వీధుల్లో శాంతి ఆ ఒక్క కట్టుబాటు మీదే నిలబడి ఉంది.

ఆ మంగళవారం పొద్దున ఎగుంగున్ సంఘం పెద్ద, అందరూ అలాగ్బా అని పిలిచే ముసలాయన, తన అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు. సందు మలుపులోంచి పితరుల గొంతు వినిపించింది. ఓజెలాదె వారి వేషం గొంతు, సందేహం లేదు. పండగ ఇంకా మొదలుకాకుండానే పెద్దలు దిగారేమిటని కంగారుపడి, పళ్ళపుల్ల పారేసి, టోపీ తీసేసి, సాష్టాంగపడ్డాడు. కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళు బిందెలు వదిలేసి మోకాళ్ళ మీద పడ్డారు. మలుపు తిరిగి వచ్చింది డొక్కు మైక్రా ఒకటి, కిటికీలోంచి అవేరో పాటతో. డ్రైవరు హారను కొట్టి, “లేవండి తాతా, చక్రం కింద పడతారు” అన్నాడు.

పేటంతా పొద్దుగూకేదాకా నవ్వింది. ఆయన టాక్సీకి దణ్ణం పెట్టాడన్న మాట చేపలమ్మేవాళ్ళ దాకా పాకింది. పితరుల పరువు పోయిందన్నాడు ముసలాయన. పోయింది ఎవరి పరువో అందరికీ తెలుసు. అత్త మీద కోపం దుత్త మీద చూపించాలిగా, మర్నాడు బుధవారం పొద్దున్నే ఓజెలాదె వారి లోగిలిలో పంచాయితీ పెట్టించాడు.

మగవాళ్ళంతా బెంచీల మీద కూర్చున్నారు. ఓజెదోకున్ వాళ్ళ మధ్యన, ఒళ్ళో చేతులు పెట్టుకుని. ఆడవాళ్ళు గోడవారన చాపల మీద. అవేరో తల్లి ఇబిరోంకె మిరపకాయల కొట్టు మూసి ఎర్రబడ్డ చేతులతోనే వచ్చి ఒక మూల కూర్చుంది. మేనత్త ఆబియోనా మాత్రం అందరికంటే ముందు వరసలో చోటు సంపాదించింది. తమ్ముడి కూతురికి శిక్ష పడుతుంటే వెనక కూర్చుని చూడడం ఆవిడ వల్ల కాదు.

అవేరో మధ్యలో మోకరిల్లింది.

“ఎవరే నీకు ఆ గొంతు నేర్పింది?” అన్నాడు అలాగ్బా.

“ఎవరూ నేర్పలేదు బాబా. ఇది నా గొంతే.”

“నీదా? మా పెద్దల గొంతు నీదెప్పుడయ్యింది? నీకేమైనా రాసిచ్చి పోయారా? ఈ ఇంటి వేషం పదిహేడేళ్ళుగా ఆ గొంతుతోనే మాట్లాడుతోంది. నిన్నగాక మొన్న పాటలు మొదలెట్టావు. ఎవరిది ఎవరు దొంగిలించినట్టు?”

“నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. దీని నోరు చూస్తే ఊరొదిలి పోవాలనిపిస్తుంది” అంది ఆబియోనా, ఎవరూ అడక్కపోయినా.

పదిహేడేళ్ళు. అవేరోకు ఆ లెక్క బాగా తెలుసు. ఆమెకు ఆరో ఏట తట్టు పోసింది. ఆ ఏడాది లోగిలిలో ఇద్దరు పిల్లలు పోయారు, అవేరో బతికింది, గొంతు మాత్రం ఇలా మిగిలింది. అదే ఏడాది తాత పోయి, వేషం ఓజెదోకున్‌కు వచ్చింది. అతని అసలు గొంతు సన్నం. గుడ్డల్లోంచి ఆ పిల్లంగోవి గొంతు వస్తే వీధిలో కుక్క కూడా పక్కకు తప్పుకోదు. అప్పుడు మంచం పక్కన కూర్చుని, జబ్బుపడ్డ పిల్ల గొంతు మీద అరచేయి పెట్టి, “ఇంకోసారి అను తల్లీ” అనేవాడు. ఆమె అనేది. అతనూ అనేవాడు. “మళ్ళీ.” నాన్న తనతో ఆడుకుంటున్నాడని ఆమె మురిసిపోయేది. తల్లి అదే గదిలో గంజి కాస్తూ ఉండేది. ఆ పండక్కి ఓజెలాదె వారి వేషం నోరు తెరిస్తే ఊరు గడగడలాడింది.

ఈ మాట ఇప్పుడు చెబితే చాలు, దొంగ ఎవరో తేలిపోతుంది. కానీ చెప్పాలంటే గుడ్డల్లో తండ్రి ఉన్నాడని అనాలి. ఆడది ఆ మాట అనడం కంటే పెద్ద నేరం ఇబాదాన్‌లో లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. దానికి తోడు అవి తన ఒక్కదాని కాళ్ళే కావు.

“ఓజెదోకున్, నీకేమైనా తెలుసా?” అన్నాడు అలాగ్బా.

“మగ్గం నేసుకునేవాణ్ణి. వేషాల సంగతి నాకేం తెలుసు?” అన్నాడు అతను. అది సరైన జవాబే. మగవాళ్ళు కొందరు దగ్గారు.

“సరే, పిల్ల సంగతి చెప్పు. దీని గొంతు చిన్నప్పట్నుంచీ ఇంతేనా?”

అవేరో తలెత్తి చూసింది. అవును, తట్టు పోసింది, అప్పట్నుంచీ ఇంతే. ఇంత చిన్న మాట. గుడ్డల జోలికి పోకుండానే అనొచ్చు. చాపల మీదున్న ఆడవాళ్ళలో ఆ ఏడాది గుర్తులేని మనిషి లేదు. ఇద్దరైతే ఆ తట్టులోనే బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళు.

ఓజెదోకున్ తేలు కుట్టిన దొంగలా తన కాలి వేళ్ళకేసి చూసుకున్నాడు. “చిన్నప్పుడు బాగుండేది” అన్నాడు. “సన్నగా, తియ్యగా ఉండేది. ఇది ఈమధ్యే. స్టూడియోలకు పోవడం మొదలెట్టాక.”

గోడవారన ఒక్కరూ నోరు విప్పలేదు. ఆబియోనా మాత్రం, “అదే కదా నేనూ చెప్తున్నా” అంది.

తీర్పు క్షణంలో వచ్చింది. ఒక పొట్టేలు, కోలా కాయలు. ఊరి పొలిమేరల్లో ఆ గొంతుతో ఇక పాడకూడదు. శుక్రవారం మధ్యాహ్నం ఓజెలాదె వారి వేషం బయటికొచ్చినప్పుడు వీధి అందరి ముందూ దాని కాళ్ళ దగ్గర పడి క్షమాపణ అడగాలి. కాదంటే శనివారం హాలుకు కొరడాలతో మనుషులు వస్తారు, వేషం ఈ ఏడాది గదిలోనే తాళం కింద ఉండిపోతుంది. అంటే ఆమె తన గొంతును తానే దొంగిలించానని, దాన్ని దొంగిలించినవాడి కాళ్ళు పట్టుకుని ఒప్పుకోవాలి.

బోలాహాన్‌కు కబురు తెలిసి ఫోన్ చేశాడు. “శనివారానికి నాకు జ్వరం వచ్చేలా ఉంది” అన్నాడు. పోస్టర్లున్న వీధి వదిలేసి వేరే వీధిన తిరుగుతున్నాడని తర్వాత తెలిసింది.

గురువారం ఆమె మగ్గం దగ్గరకు వెళ్ళింది. ఓజెదోకున్ నాడె ఆపలేదు.

“తట్టు పోసిందని ఒక్క మాట అంటే సరిపోయేది కదా నాన్నా.”

“అంటే ఏ ఏడాదని అడుగుతారు. ఏడాది చెబితే లెక్క కుదిరిపోతుంది.”

“కుదరనీ.”

అప్పుడు మగ్గం ఆపాడు. “నీకేం తెలుసే. ఏడాదంతా ఈ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటా. వచ్చినవాడల్లా బట్ట తిరగేసి, పోగు వదులన్నాడు, రంగు వెలిసిందన్నాడు, ఒక్కడూ నమస్కారం పెట్టి పోడు. ఆ ఏడు రోజులు మాత్రం ఊరు ఊరంతా మోకాళ్ళ మీద ఉంటుంది. నాకున్నది అదొక్కటి. అది కూడా తీసేస్తావా?”

“ఆ ఏడు రోజులూ నా గొంతుతోనే కదా.”

“ఆడపిల్లవి. ఆ గొంతుతో నీకేం పని?”

అన్నాక అతనికే ఏదోలా అనిపించిందేమో, తల దించుకుని మళ్ళీ నాడె విసిరాడు. అవేరోకు ఆ తలను మగ్గానికేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు, అంతే. పదిహేడేళ్ళలో ఆమె తండ్రిని ఇంతగా అసహ్యించుకున్న రోజు లేదు.

ఇంట్లో తల్లి అంతకంటే మెరుగు కాదు. ఇబిరోంకె మిరపకాయలు ఏరుతూ తలెత్తకుండానే మొదలుపెట్టింది. “నీ పాటలు నాకు మొదట్నుంచీ పడవు. ఆడపిల్ల జనం ముందు నిలబడి తిట్టడమేంటి? దానికి చప్పట్లేంటి? పోయి ఒక్కసారి కాళ్ళమీద పడితే నీ సొమ్మేం పోతుంది?”

“నాన్న అబద్ధం ఆడాడు. నువ్వా గదిలోనే ఉన్నావు. నీకు తెలుసు.”

“నాకేమీ తెలియదు.”

“అమ్మా.”

“నాకేమీ తెలియదని చెప్పాను కదే. మా అమ్మకీ తెలియదు, వాళ్ళమ్మకీ తెలియదు. నీకూ తెలియకుండా ఉంటే ఇంత గొడవ వచ్చేది కాదు.” కుళ్ళిన కాయలు ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు. “అమాలా ముద్ద తిను, చల్లారిపోతుంది.”

అవేరో తినలేదు. లేగోస్ బస్సు ఎన్ని గంటలకో కనుక్కుంది. పోవడం ఆమెకు కష్టం కాదు. పోతే మాత్రం ఊరు అన్నదే నిజమవుతుంది, దొంగ పారిపోయిందంటారు. ఇక ఆ గొంతుతో ఎక్కడ పాడినా దొంగసొత్తే. అది తలుచుకుని ఆగిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం వీధి కిటకిటలాడింది. ఆడవాళ్ళు గోడల వెంట, దుకాణాల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఇబిరోంకె తన కొట్టు ముందు, మిరపకాయల గంపల మధ్య. పక్కన అవేరో. ఎదురుగా అరుగు మీద అలాగ్బా, ఈసారి టోపీ గట్టిగా నొక్కి పెట్టుకుని. ఆబియోనా చుట్టుపక్కల వాళ్ళందరికీ, “చూస్తూ ఉండండి, ఇప్పుడు పడుతుంది కాళ్ళమీద” అని ముందే చెప్పేస్తోంది.

డోళ్ళు, కొరడాల చప్పుళ్ళు, ధూళి. వేషం వచ్చింది. ఎరుపు, నలుపు, పాత పట్టు పేలికలు గిర్రున తిరిగి, మిరపకాయల కొట్టు ముందు ఆగాయి. డోళ్ళు ఆగాయి.

“ఓజెలాదె కూతురా” అంది వేషం. “ఏమైనా చెప్పుకోవాలా?”

తన గొంతు. తనను క్షమాపణ అడగమంటోంది. అవేరో నోరు తెరిచింది. తప్పయిందని అనలేదు, అసలు నిజం అనలేదు, రెండూ ఒకదాన్నొకటి తోసుకుని ఏదీ బయటికి రాలేదు. జనం ఎదురుచూశారు. ఎవరో కిసుక్కుమని నవ్వారు.

పిల్లకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇద్దామనో, ఏమో, వేషం పక్కనున్న తల్లి వైపు తిరిగి, పేలికల చెయ్యి చాపి దీవెన మొదలుపెట్టింది.

“ఇబిరోంకె, నీ బేరం పెరగాలి. నీ ఇల్లు చల్లగా ఉండాలి. నీ బిడ్డలు నీకు ఎదురు చెప్పకుండా, నీ కనుసన్నల్లో బతకాలి.”

దానికి ‘అషే’ అనాలి. తథాస్తు అన్నట్టన్న మాట. వీధిలో ఆడవాళ్ళు సగం నోరు తెరిచే ఉన్నారు.

“నా పిల్ల గొంతుతో నన్ను దీవించకు” అంది ఇబిరోంకె.

అరవలేదు. బేరం కుదరని మనిషితో, కాయలు పిసక్కు అన్నట్టు అంది. అయినా వీధి చివరి దాకా వినిపించింది.

కొరడాలు పట్టుకున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆబియోనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందరూ అరుగు వైపు చూశారు. అలాగ్బా లేచాడు. ఆమెను శిక్షించాలంటే ఏం తప్పన్నావని అడగాలి. ఏ పిల్ల అని అడగాలి, ఎప్పటి గొంతని అడగాలి, అడిగితే ఆమె చెబుతుంది. ఆవిడ మొహం చూస్తే చెప్పేలాగే ఉంది. ముసలాయన ఆకాశంలో మబ్బేమైనా ఉందేమోనన్నట్టు తల పైకెత్తాడు. మబ్బు లేదు.

తర్వాత గుడ్డల్లోంచి గొంతు వచ్చింది. పితరుల గొంతు కాదు. రోజూ పూట దాటాక కూడు అడిగే సన్నటి గొంతు.

“ఇంట్లోకి పద.”

వీధి వీధంతా విన్నది. విన్నామని ఈనాటికీ ఒక్కరూ అనరు.

ఇబిరోంకె లేవలేదు. “రాను” అంది. “పిల్ల రేపు పాడాలి. అది పాడేదాకా ఆ ఇంట్లో కుండ పొయ్యెక్కదు. నీ వాళ్ళకు చెప్పు.”

తర్వాత వేషం డోళ్ళు లేకుండా, గిరగిరలు లేకుండా, నేతగాడి నడకతో ఇంటి వైపు నడిచిపోయింది. దారిలో మోకరిల్లినవాళ్ళకు దీవెనలు అందలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఆ వెనక భాగం చూస్తున్న అవేరోకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే అబద్ధం. ఆమె తల్లి వైపు తిరిగితే, ఇబిరోంకె అప్పటికే మిరపకాయలు ఏరడంలో పడింది.

మర్నాడు టౌన్‌హాల్లో అవేరో తన గొంతుతోనే పాడింది. కొరడాలు రాలేదు.